ఒక గుమాస్తా సంతకం

పోయిన వారం డాక్టరు గారి దగ్గర ఫారం నింపుతున్న మా అమ్మాయి, నేను రిటైరవక ముందు చేసిన ఉద్యోగం రాయాల్సిన గడి దగ్గర ఆగితే, గుమాస్తా అని చెప్పాను. "నో మమ్మీ, అడ్మినిస్ట్రేటివ్ ప్రొఫెషనల్ అని పెడుతున్నా" అంది. పెట్టుకోమన్నాను గానీ, ఆ మాట నన్ను ఎక్కడెక్కడికో తీసుకుపోయింది.

మన తరం వాళ్లకు వేరే చెప్పాలా? మా నాన్న తాలూకా ఆఫీసులో గుమాస్తా. పనిపడ్డవాళ్లు గుమాస్తా గారూ అంటూ చేతులు కట్టుకునేవారు, పనయ్యాక వీధి మలుపైనా తిరక్కుండానే ఉత్త గుమాస్తా అనేవారు. వాళ్లు తెచ్చిన అరటిగెలలను, మేము ఆశగా చూస్తుండగానే, అమ్మ గుమ్మంలోంచే తిప్పి పంపేది. ముప్పై ఏళ్లపాటు నాన్న గుండ్రటి అక్షరాలతో కాగితాలు రాశారు, అడుగున సంతకం మాత్రం ఎప్పుడూ వేరొకరిదే.

కెనడా వచ్చాక, హాలిఫాక్స్‌లో నేనూ ఒక యూనివర్సిటీ ఆఫీసు కౌంటరు వెనక కుదిరాను. మన పిల్లలు చదువులకని గుంపులుగా వచ్చి దిగిన ఏళ్లవి. పొద్దున్నే ఫెర్రీ దిగి పొగమంచులో నడిచి వెళ్లేసరికి తలుపు దగ్గర తెలుగు మాటలు వినిపించేవి, ఒక్క క్షణం నాన్న ఆఫీసు వరండాలోకి వచ్చాననిపించేది.

వాళ్లలో ఒకమ్మాయి మూడు రోజులు వరుసలోకి రాకుండా గోడవారగా నిలబడి, ఏ రోజుకారోజు సాయంత్రానికి వెళ్లిపోయింది. ఎవరి కోసమో చూస్తోందనుకున్నాను. నాలుగో రోజు కౌంటరు మూసే వేళకు, అందరూ వెళ్లాక దగ్గరికొచ్చి, సున్నుండల డబ్బా నా వైపు జరిపి, ఇక్కడ చదువుతున్నట్టు లెటర్ కావాలంది. స్టడీ పర్మిట్ గడువు ఆ రోజుతోనే తీరిపోతోందట, ఆ లెటర్ లేనిదే పొడిగింపుకు అప్లై చేయలేనంది. మరి ఇన్నాళ్లూ ఏం చేశావంటే, "ఇది అందరి ముందరా ఇస్తే మీకు ఇబ్బంది కదా మేడం" అంది.

నాకు ఒళ్లు మండిపోయింది. డబ్బా వెనక్కి తోసి, లెటర్ టైపు చేసి, సంతకం పెట్టి, ముద్ర వేసి ఇచ్చాను. ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. ఆ పిల్ల మాత్రం కదల్లేదు.

"పైన ఆఫీసర్ సైన్ చెయ్యాలి కదా మేడం?"

"అక్కర్లేదమ్మా. నేను గుమాస్తాని. నా సంతకం చాలు."

ఆ అమ్మాయి అక్కడే ఫోన్లో అప్లై చేసి, ఏడుస్తూ నవ్వింది. పని పూర్తయింది కాబట్టి ఇక తప్పు లేదని నాకు నేనే చెప్పుకుని, బయట బెంచీ మీద కూర్చుని చెరో సున్నుండ తిన్నాం. ఎదురుగా రేవు మంచులో కరిగిపోతోంది.

ఇప్పుడు ఆ లెటర్లు పోర్టల్లోంచి వాటంతటవే వస్తాయట, ఎవరి సంతకమూ అక్కర్లేదట. మంచిదే, ఏ పిల్లా గోడవారగా భయపడుతూ నిలబడక్కర్లేదు. నేను మాత్రం ఇప్పటికీ అనుకుంటూ ఉంటాను, ఆ సాయంత్రం ఆ పిల్ల పక్కనే నిలబడి, నా సంతకం చాలు అన్న మాట నాన్న కూడా విని ఉంటే ఎంత బాగుండేదో అని.