గుట్ట కింది కల్లు

ఏదో దేశంలో మంచుకొండల పక్కన ద్రాక్షతోటలుంటాయట. జనం భుజానికి సంచి తగిలించుకుని తోటతోటకూ నడుస్తూ ఎక్కడి ద్రాక్షసారా అక్కడ రుచి చూస్తారట. పక్కింటి టీవీలో ఇది చూశాక నాకు కాలు ఒకచోట నిలవలేదు.

మనకు మంచు లేకపోతేనేం, నల్లమల ఉంది. ద్రాక్ష లేకపోతేనేం, తాటిచెట్లున్నాయి, ఈతచెట్లున్నాయి. గుట్ట దగ్గరపడేకొద్దీ కల్లు రుచి మారుతుందని మా గద్వాలలో చాలామంది అనేవారు. వాళ్లలో ఒక్కరూ వెళ్లి తాగివచ్చినవాళ్లు కారు. నా పట్టుదలకు అదే కారణం.

మాది చీరలు నేసే ఇల్లు. అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. మగ్గం మీది చీర దించాక, కొత్త పడుగు ఎక్కించేలోపు నాలుగు రోజులు దొరికాయి. సంచిలో దుప్పటి, అటుకులు సర్దుకుంటుంటే అమ్మ నవ్వింది.

"కల్లు తాగనీకి నల్లమల దాంక పోతవారా? మన ఊరి కల్లు ఏం పాపం జేసింది?"

"జర చూసొస్తనే అమ్మా."

ఆత్మకూరు మీదుగా వనపర్తికి బస్సు. అక్కడి నుంచి నడక, అలిసినచోట మళ్లీ బస్సు. వనపర్తి‌ దగ్గర తాగిన ఈతకల్లు తియ్యగా ఉంది. నాగర్‌కర్నూల్ దాటాక ఒకచోట తాగింది నాలుక మొద్దుబారేలా ఉంది. అది చెట్టుదో, పొట్లంలోని మత్తుపొడి కలిపిందో ఆ దేవుడికే తెలియాలి.

మూడోనాడు పొద్దున అమ్రాబాద్ తోవలో, గుట్టల కింద తాటివనం కనబడింది. కల్లు గీసే తాత ఒకాయన నీడలో కత్తి నూరుకుంటున్నాడు. అరవై దాటి ఉంటాయి. వచ్చిన పని చెబితే పగలబడి నవ్వాడు.

"గద్వాల నుంచి గిందుకే వచ్చినవా? కూసో బిడ్డా. దించినంక తాగుదువు."

కుండలు కడుక్కురావడానికి ఆయన బావి దగ్గరికి వెళ్లాడు. మోకు నా పక్కనే ఉంది. చెట్టుకూ మనిషికీ కలిపి చుట్టే తాడు అది. గీసేవాళ్ల ప్రాణం దాని మీదే ఉంటుంది. దాని ముడి దగ్గర జానెడు కొస ఊరికే వేలాడుతోంది. వేలాడే పోగు కనబడితే నేతగాడి చెయ్యి ఊరుకోదు. మా ఇంట్లో పిల్లలకు అన్నం కలుపుకోవడం కంటే ముందు పోగు అతకడం వస్తుంది. ఆ కొసను మడిచి, చుట్టు కిందికి దోపి, బిగించి ముడివేశాను. పుణ్యం కట్టుకున్నాననుకున్నాను కూడా.

తాత వచ్చి మోకు తగిలించుకుని చకచకా ఎక్కాడు. సగం దాటాక ఆగిపోయి, ఒక చేత్తో ముడిని తడుముకోసాగాడు.

"ఏమైంది తాతా?"

"కొస ఏడబోయింది?" ఆయన గొంతు మామూలుగానే ఉంది. "పైకి పోయినకొద్ది చెట్టు సన్నగైతది. మోకు గుంజి కుదించుకోవాలె. గుంజనీకి కొస లేదు."

నా పైప్రాణాలు పైనే పోయాయి.

"నేనే ముడేసిన తాతా. వేలాడుతుందని..."

తాత వదులు తాడులో బాగా వెనక్కి వాలిపోయి, జానెడు జానెడుగా కిందికి దిగుతున్నాడు. ఒకసారి పాదం జారింది. చెట్టు పెచ్చులు నా మీద రాలాయి. నా సరదాకు ఒక మనిషి పోతాడేమోనని నిజంగా భయమేసింది.

నేల మీద కాలుపెట్టగానే తిడతాడనుకున్నాను. మోకు తెచ్చి నా ఒళ్లో వేశాడు.

"ఏసినోనివి నువ్వే ఇప్పు."

నా ముడి ఊడదని మా వీధిలో నాకు పేరు. ఆ పేరు ఎంత గట్టిదో ఆరోజు నా పళ్లకు తెలిసింది. ఊడేసరికి ఎండ ఎక్కింది.

"ఎవరి మోకు వాళ్లే కట్టుకోవాలె. నా కొడుకును గూడ ముట్టనియ్య" అన్నాడు తాత.

మోకును కళ్లకద్దుకుని, నడుమెత్తులో చెట్టుకు తగిలించి వేలాడి చూసుకుని మళ్లీ ఎక్కాడు. నేను మెడ నొప్పిపెడుతున్నా ఆ కొస మీది నుంచి చూపు తిప్పలేదు. పైన ఆయన దాన్ని పట్టుకుని గుంజాకే ఊపిరి పీల్చుకున్నాను. అయినా ఆయన దిగేదాకా కూర్చోలేకపోయాను.

దిగివచ్చి, తాటాకును దొప్పలా మడిచి నా చేతికిచ్చాడు. నాలుగు చుక్కలు నేలతల్లికి వదిలి, దొప్ప నిండా కల్లు పోశాడు. మూడు రోజుల నడక దీనికోసమే. నా చూపు ఆయన భుజం మీది మోకు మీదే ఉంది.

"ఎట్లుంది?" అన్నాడు.

"మస్తుంది తాతా."

తాత దొప్పలోకి తొంగిచూశాడు.

"ఇంక మూతి గూడ వెట్టకపోతివి గద బిడ్డా."