రెండు రోజుల దూరం

విమానాశ్రయంలో చక్రాల కుర్చీ తోసే పని ఆమెది. నడవలేని వాళ్లను విమానం గుమ్మం దాకా చేర్చాలి, దిగిన వాళ్లను బయటికి తీసుకురావాలి. నోరు మంచిది కాబట్టి పెద్దవాళ్లందరూ ఆమే కావాలనేవారు. ఆ మంచి నోటితోనే సొంత అక్కను మోసం చేసింది.

మొదట్లో అది మోసమేమీ కాదు. పెళ్లై ఈ ఊరు వచ్చిన కొత్తలో అక్క ఊరికి వెళ్లాలంటే మూడు విమానాలు మారాలి, మధ్యలో పడిగాపులు కాయాలి, రెండు రోజులు పట్టేది. తర్వాత నేరుగా వెళ్లే విమానం వేశారు. ఏడు వేల కిలోమీటర్లు, తొమ్మిది గంటలు. పొద్దున ఎక్కితే రాత్రి భోజనానికి అక్కడుండొచ్చు. రోజూ ఆ విమానానికే కుర్చీలు తోస్తూ కూడా అక్కకు ఆ ముక్క చెప్పలేదు. చెబితే రమ్మని ప్రాణం తీస్తుందని బద్ధకం. అమ్మ పోయాక చంకనేసుకుని పెంచిన అక్క దగ్గర బద్ధకమేమిటి, బుద్ధి ఉన్నవాళ్లెవరైనా అలా చేస్తారా? ఈవిడ చేసింది.

బావ పోయిన రోజు ఫోను వచ్చింది. ఏడుస్తున్న అక్క ముఖం చూడ్డానికి ఆమెకు ధైర్యం చాలలేదు.

"రెండ్రోజులు పడుతుంది కదక్కా..." అని నసిగింది.

"వద్దులేవే, అంత దూరం పడుతూ లేస్తూ ఏం వస్తావు" అని అక్కే ఓదార్చింది. ఆ ఓదార్పు తలుచుకున్నప్పుడల్లా ఆమెకు ముద్ద దిగదు.

ఇప్పుడు అక్కే వస్తోంది. మోకాళ్లు అరిగిపోయినా చెల్లెల్ని చూసి తీరాలని పట్టుబట్టింది. టికెట్ పక్కింటాయన తీశాడు. ఎంతసేపు పడుతుందని అక్క ఆయన్ను అడగలేదు. చెల్లెలు చెప్పాక ఇంకొకరిని అడగడమెందుకు? ఫోన్లో నిజం చెప్పేద్దామని చెల్లెలు ఎన్నోసార్లు నోరు తెరిచింది, తెరిచినప్పుడల్లా వానల గురించి మాట్లాడింది.

ఆ రోజు విమానం గుమ్మం దగ్గర కుర్చీ పట్టుకుని తనే నిలబడింది. అందరూ దిగాక అక్క మెల్లగా వచ్చింది. చేతిలో రెండు రోజులకు సరిపడా రొట్టెలు, మందులు, మార్చుకోవడానికి బట్టలు కుక్కిన సంచి. చెల్లెల్ని చూడగానే మొహం చేటంత చేసుకుంది.

"ఓసి నీ! ఇక్కడిదాకా ఎదురొచ్చావటే? నాకోసం ఎంత దూరం వచ్చావే పిచ్చిదానా! పద పద, ఇంకా రెండు విమానాలున్నాయిగా, తప్పిపోతాయి."

చెల్లెలు అక్కను కూర్చోబెట్టి కుర్చీ తోసింది. కాగితాలవీ తనే చూపించింది. బయటి తలుపు దగ్గర ఆగింది.

"ఇంక విమానాల్లేవక్కా. ఇదే మా ఊరు."

"చాల్లే నీ పరాచికాలు. పొద్దున తిన్నది కూడా సరిగ్గా అరగలేదు నాకు."

చెల్లెలు నవ్వలేదు. అక్క అద్దాల అవతలికి చూసింది. అక్కడ చెల్లెలి మొగుడు చెయ్యి ఊపుతున్నాడు. ఆవిడ ఒళ్లోని సంచిని గట్టిగా పట్టుకుంది.

"మీ బావ పోయినప్పుడు కూడా ఇంతే దూరమా?"

చెల్లెలు సిగ్గుతో చచ్చిపోతోంది, అయినా ఈసారి అబద్ధం చెప్పబుద్ధి కాలేదు.

"ఇంతే అక్కా."

అక్క సంచిలోని రొట్టెల కేసి చూసింది.

"మీ బావను మర్నాటి దాకా ఉంచుదామన్నారే అందరూ," అంది. "నేనే, చెల్లికి రెండ్రోజులు పడుతుంది, దానికోసం ఆగొద్దన్నాను."