గెడ్డ అవతలి ముక్క

నా చిన్నప్పుడు మా బడిలో ఒకే ఒక్క దేశపటం ఉండేది. అంచులు చిరిగి, ఒక మూల చెదలు తినేసి, గోడకు వేలాడుతుండేది. ఒకరోజు మా మాస్టారు ఆ పటాన్ని అట్ట మీద పరిచి, చుట్టూ గీసి, కత్తిరించి, ఆ అట్టదేశాన్ని మేకు మొన మీద నిలబెట్టారు. కాసేపు ఊగి, ఒకచోట కదలకుండా నిలిచింది. దేశానికి నడుమ ఇదే అన్నారు. మేమంతా చప్పట్లు కొట్టాం.

ఆ సంబరం మీద నీళ్ళు చల్లింది కూడా ఆయనే. సముద్రంలో మన దీవులున్నాయి కదా, అవి ఈ అట్టలో ఏవి అని అడిగారు. ఒక పుల్ల చివర మైనం ముద్ద పెట్టి, ఇవే దీవులనుకోండి అని అట్టకు అతికించారు. అట్ట ఒరిగిపోయింది. మేకును పక్కకు జరిపితేగాని నిలవలేదు. జనం కిక్కిరిసిన చోట్ల కాస్త కాస్త మైనం పెడితే మేకు ఇంకోచోటికి పోయింది. సముద్రానికి అన్నివైపులా దూరంగా ఉన్న చోటునే నడుమ అనుకుందామంటే అది మరోచోటు. చివరికి అట్టకు చిల్లులే మిగిలాయి. నడుమ దేశంలో ఉండదురా, అట్ట కత్తిరించేవాడి చేతిలో ఉంటుంది అన్నారాయన. ఆ మాట ఎంత నిజమో మాకు త్వరలోనే తెలిసింది.

మా బడి ఉన్నది గజపతినగరానికి ఎగువన ఉన్న పెద్ద ఊళ్ళో. మా పేట మాత్రం గెడ్డ అవతల, అంటే వాగు దాటి, కొండ కింద. ఎండాకాలంలో ఆ గెడ్డలో పాదం తడవదు. వాన పడితే మాత్రం ఎద్దు కూడా నిలవలేని వరద. చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ కలిపి ఒక ఆసుపత్రి కడతామని ఆ రోజుల్లోనే కబురొచ్చింది. మా ఊళ్ళోనంటే మా ఊళ్ళోనని పెద్దలు కొట్టుకున్నంత పని చేశారు. మాస్టారి మేకు సంగతి ఎవరు చెవిన వేశారో, తగవు లేకుండా అలాగే తేల్చేద్దామన్నారు. ఊళ్ళ పటం అట్టకు అతికించి, కత్తిరించి, మేకు ఎక్కడ నిలిస్తే అక్కడ ఆసుపత్రి.

బడి అరుగు మీద అందరూ చేరారు. మా చిన్నత్త, అంటే మా నాన్న చెల్లెలు, సంతలో వంకాయలు అమ్ముకుని ఖాళీ గంపతో వస్తూ అక్కడ ఆగింది. ఆమెదీ మా పేటే, అక్కడే మెట్టింది. మాస్టారు మా పేటను కూడా కలిపి కత్తిరించారు. మేకు గెడ్డకు మా వైపు ఒడ్డున నిలిచింది. పెద్ద ఊరి ప్రెసిడెంటుగారికి అది రుచించలేదు.

"ఏటి మాస్టారూ, గెడ్డవతల నాలుగు గుడిసెలు కూడా ఊరేనేటి? కోసీండి ఆ ముక్క."

"అక్కడా మనుషులున్నారండి."

"ఎవులు కాదన్నారు? ఆలెప్పుడూ నడిసీవోలే కదా. నడుస్తారు."

చిన్నత్త గంప దించకుండానే అడిగింది. "బాబూ, రోగమొచ్చినోలు కూడా నడుస్తారేటి?"

"నీకేటి రోగమే? గుండ్రాయిలాగున్నావు!" అన్నారెవరో. అరుగంతా నవ్వింది. చిన్నత్త కూడా నవ్వింది. మాస్టారు నవ్వలేదు. కళ్ళజోడు తీసి పంచె అంచుతో తుడుచుకున్నారు. మళ్ళీ పెట్టుకున్నారు. తర్వాత కత్తెర తీసుకున్నారు.

ఆయన మీద నాకు ఆ రోజు వచ్చిన కోపం చాలా ఏళ్ళు ఉంది. అంతా తెలిసినవాడు, మాకు తెలియజెప్పినవాడు, ఆ కత్తెర ఎందుకు పట్టాడు? ఉద్యోగమనండి, భయమనండి, పెళ్ళాం పిల్లలనండి. ఇప్పుడు అర్థమవుతుంది. అర్థమైనంత మాత్రాన మంట చల్లారుతుందా?

మర్నాడు మా కల్లంలో వరి నూర్పు. గుంజ చుట్టూ గొడ్లను వరసగా కట్టి తిప్పుతున్నారు. చిన్నత్త చేతిలో చువ్వతో వాటి వెనకే తిరుగుతోంది. నేను గట్టు మీద ముఖం ముడుచుకుని కూర్చున్నాను. నన్ను చూసి ఆగింది.

"ఒరే గుంటడా, ఇటు సూడు. గుంజ కాడ దేన్ని కట్టినాను?"

"ముసలిదాన్ని."

"మరి కొసన?"

"కోడెని."

"ఎందుకేటి?"

"కొసనున్నది ఎక్కువ నడవాల కదత్తా. ముసలిది నడవనేదు."

"అదీ. గొడ్డు కాడ ఈపాటి నాయం సూత్తాం. మనుసుల కాడికొచ్చీసరికి నీరసమోలనే కొసన కట్టీసినారు. నడుమెక్కడని అడక్కురా నువ్వు. కొసనెవులున్నారని అడుగు."

అని, ఆగిన కోడెను చువ్వతో ఒక్కటి తగిలించి మళ్ళీ తిరగడం మొదలుపెట్టింది. పెద్ద పాఠం చెప్పానని ఆమె అనుకోలేదు. నేనూ అనుకోలేదు.

ముక్క కోశాక మేకు నిలిచిన చోట, పెద్ద ఊళ్ళోనే ఆసుపత్రి లేచింది. సున్నం వేశారు, గేటు పెట్టారు. ఆ ఏడు వానాకాలంలో చిన్నత్తకు నొప్పులొచ్చాయి. మంత్రసాని తన వల్ల కాదంది. నులకమంచానికి కర్రలు కట్టి, మా నాన్న, మావ, ఇంకో ఇద్దరు మోసుకుపోయారు. వెనక నేనూ పరిగెత్తాను. గెడ్డ ఒడ్డుకొచ్చేసరికి ఎర్రటి నీళ్ళు చెట్ల మొదళ్ళను పెళ్ళగించుకుని పోతున్నాయి. పట్టపగలు. అవతల దూరంగా ఆసుపత్రి తెల్లగోడ కనిపిస్తూనే ఉంది. మా మావ రెండుసార్లు దిగి చూశాడు, రెండుసార్లూ నీళ్ళు ఒడ్డుకు నెట్టేశాయి. "దిగకు, నువ్వు కూడా పోతావు" అంది చిన్నత్త మంచం మీంచి. మాకు వినిపించిన ఆమె చివరి మాట అదే. నీళ్ళు తగ్గేసరికి దాటించాల్సిన అవసరం లేకపోయింది. బిడ్డా దక్కలేదు.

అయిదో తరగతితో నా బడి అయిపోయింది. తర్వాత చదివిందంతా పొట్లాల కాగితాల మీద, లైబ్రరీ బల్లల మీద. దేశానికి నడుమ ఎక్కడన్న సంగతి కనిపిస్తే వదల్లేదు. ఒకరు ఒక ఊరంటారు, ఒకరు ఇంకో ఊరంటారు, ఎవరి రాయి వాళ్ళు పాతుకుంటారు. దీవులు కలిపితే ఒకటి, వదిలేస్తే ఒకటి. సరిహద్దు గీత ఇటు జరిపితే ఒకటి, అటు జరిపితే ఒకటి. పండితులు తగవులాడుకుంటే ఆడుకోనివ్వండి, దాంతో ఎవరి ప్రాణమూ పోదు. అదే కత్తెర మనుషుల మీదికి వచ్చినప్పుడే నాకు ఒళ్ళు మండుతుంది. రాజధాని అందరికీ నడుమ ఉండాలంటారు, కాలేజీ అందరికీ నడుమ ఉండాలంటారు. ఎవరా అందరూ?

మొన్నామధ్య మండలాఫీసులో మీటింగు పెట్టారు. అంబులెన్సు ఎక్కడ నిలపాలన్నది విషయం. తెర మీద పటం వేశారు, దాని నడుమ ఎర్రచుక్క పెట్టారు. నేను లేచాను. ఆ చుక్కకు అందరికన్నా కొసనున్నదెవరు బాబూ, వాళ్ళిల్లు ఒకసారి చూపించు అన్నాను. కంప్యూటరు చూసుకుందండీ అన్నాడు ఆ అబ్బాయి, మర్యాదగానే. వెనకనుంచి ఎవరో, "మొదలెట్టీసినాడు మావ! కూకో మావా, టీ సల్లారిపోతన్నాది" అన్నారు. నవ్వారు. ఆ నవ్వు నాకు కొత్త కాదు.

నేను కూర్చోలేదు. నాకు వచ్చిన చదువంతా ఈ ఒక్క ప్రశ్నే. దీనికి ఇంతవరకూ ఎవరూ ఒక మనిషి పేరు జవాబుగా చెప్పలేదు. ఆ రోజూ చెప్పలేదు. టీ గ్లాసులు తీసేశారు, తెర చుట్టేశారు, ఫ్యాన్లు ఆపేశారు. కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ అటెండరు నా కుర్చీ దాకా వచ్చి, ఇది కూడా తీసేయమంటారా అని అడిగాడు. తీసేయమన్నాను. నేనింకా నిలబడే ఉన్నాను.