పట్టాభిషేకపు పంచె

రాజ్యాలు ఎందుకు కూలాయో, రాజులు ఎందుకు తన్నుకున్నారో విడివిడిగా రాసిపెట్టిన పండితులు, గుడియాత్తం నేతగాడు వరదప్ప కొడుకు జయరాములు ఎదుటివాడి గుడ్డ కొసను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నలిపి చూసే అలవాటు ఏనాడు మొదలుపెట్టాడో మాత్రం రాయలేదు. ఇది చరిత్రకు జరిగిన లోటు. ఇంటివాళ్ళు చెప్పుకునేదాన్ని బట్టి, ఉయ్యాలలో ఉండగానే తనను చూడవచ్చిన మేనత్త కమలాక్షి కొంగు పట్టుకుని నలిపి, మొహం అదోలా పెట్టాడట. ఆమె కట్టుకున్నది మిల్లు చీర. వంశానికి వారసుడు దొరికాడని వరదప్ప అప్పుడే నిశ్చయించుకున్నాడు.

వయసు పెరిగేకొద్దీ ఆ అలవాటుకు ఎల్లలు చెరిగిపోయాయి. బడిలో అయ్యవారి కండువా, రైల్లో పక్కవాడి తువ్వాలు, చావింట్లో కూలబడి ఏడుస్తున్న పెద్దమనిషి ఉత్తరీయం, అన్నీ ఆ రెండు వేళ్ళ మధ్య నుంచి పోవలసినవే. నేతవీధిలో ఇది తప్పు కాదు. అక్కడ చెయ్యి పట్టుకునే ముందు చెంగు పట్టుకుంటారు. పలకరింపు అంటే అదే. మిగతా ప్రపంచంలో దీనికి వేరే పేర్లు ఉన్నాయి.

ఆ పేర్లు జయరాములుకు తెలిసివచ్చింది, జర్మనీ ఓడ మద్రాసు మీద గుండ్లు వేసిపోయిన యేట. ఆ రెండు ఘటనల్లో ఏది పెద్దదన్న విషయంలో అతనికి ఎన్నడూ సందేహం కలగలేదు. అప్పటికతడు వేలూరు కాలేజీలో ఇంటర్మీడియట్ మొదటి యేడు చదువుతున్నాడు. వారమంతా తొరపాడిలో కమలాక్షత్త ఇంటి వసారాలో చాప మీద మకాం. పొద్దున చద్దన్నం, ఊరగాయ. కోట గోడ పక్కగా కాలేజీకి నడక. సాయంత్రం వసారాలో తర్కశాస్త్రం వల్లెవేయడం. శనివారం కాట్పాడిలో రైలెక్కితే గుడియాత్తం, అమ్మ తంగమ్మ చేతి రాగిసంగటి. ఇంతకంటే ప్రశాంతమైన జీవితం ఋషులకైనా ఉండదు. ఋషులకు కూడా ఎవడో ఒకడు తపోభంగం చేస్తాడు.

ఇక్కడ ఆ పని చేసినవాడు బాలచంద్రన్. వకీలుగారి ఏకైక పుత్రుడు. తర్కం క్లాసులో ముందు బెంచీ. ఆ రోజు అతడు వేసుకొచ్చిన కొత్త ఉత్తరీయం కొస జారి వెనక బెంచీ మీద పడింది. సుందరం అయ్యవారు బోర్డు వైపు తిరిగి ఉన్నారు. జయరాములు వేళ్ళు వాటంతటవే ముందుకు పోయి ఆ కొసను నలిపాయి. అంతటితో ఆగితే ఈ కథ లేదు. వేళ్ళు చేసిన పనికి నోరు కూడా తోడయింది. ఇందులో గంజి తప్ప ఏమీ లేదని, తనలో తాననుకున్నట్టుగా, రెండు బెంచీలకు వినిపించేట్టుగా అన్నాడు.

బాలచంద్రన్ వెనక్కి తిరిగాడు. వాళ్ళది ఇంట్లో తెలుగు, వీధిలో అరవం; కోపం వస్తే ముందు ఏది దొరికితే అది. ఆ రోజు తెలుగు దొరికింది.

"ఏం సామీ, బేరానికి వచ్చినావా? సంత మంగళవారం గదా, ఈపొద్దు యాడికి మూట ఎత్తుకొచ్చినావు?"

క్లాసు నవ్వింది. సుందరం అయ్యవారు కూడా, అయ్యవారు నవ్వదగినంత మేరకు, నవ్వారు. మరునాడు పొద్దున జయరాములు గుమ్మం దాటేసరికి నలుగురు తమ పంచె కొసలు పట్టుకుని వరసగా నిలబడి ఉన్నారు, ధర కట్టమని. వారం తిరిగేలోపల అతని పేరు పోయి 'సంత' మిగిలింది. రెండో యేడు పెద్దలు కూడా, అతని అసలు పేరు తెలియని మహానుభావులు, ఆ పేరుతోనే ఆదరంగా పిలవసాగారు.

జయరాములు పగబట్టాడు. పగబట్టడమంటే మాటలు కాదు. దానికి పోషణ కావాలి. రోజూ సాయంత్రం వసారాలో తర్కం పుస్తకం ముందర పెట్టుకుని, పగకు మేత వేసేవాడు. బాలచంద్రన్ చెప్పులు ఎత్తి కోట అగడ్తలో పారేయడం మొదటి ఆలోచన. పిల్లచేష్ట అని కొట్టేశాడు. కూర్చునే చోట సిరా పోయడం రెండోది. దానివల్ల గుడ్డ పాడవుతుంది. శత్రువుదే అయినా గుడ్డ గుడ్డే. తన్నడం అన్నిటికంటే సులువు, కాని బాలచంద్రన్ ఇతని కంటే జానెడు పొడుగు, పైగా ఫుట్‌బాల్ ఆడేవాడు. ఈ అడ్డంకిని జయరాములు ధర్మశాస్త్రంగా మార్చుకున్నాడు: పగకు పరువుండాలి. గుడ్డ వల్ల పోయిన మానం గుడ్డతోనే రావాలి.

అవకాశం కాలేజీ వార్షికోత్సవం రూపంలో వచ్చింది. సుందరం అయ్యవారు స్వయంగా ఒక నాటకం రాశారు. రాజ్యం పోగొట్టుకున్న రాజు అడవుల్లో తిరిగి, అందరి చేతా మాటలు పడి, చివరికి తిరిగొచ్చి పట్టాభిషేకం చేసుకుంటాడు. రాజు వేషం బాలచంద్రన్‌కు వెళ్ళింది. ఒడ్డూ పొడుగూ ఉంది, గొంతు ఉంది, పందిరి వేయించే తండ్రి ఉన్నాడు. మిగతా వేషాల కోసం అందరూ కొట్లాడుకుంటుంటే, జయరాములు లేచి, ఆఖరి రంగంలో రాజగురువు తరఫున రాజు నెత్తిన నీళ్ళు పోసే శిష్యుడి వేషం తనకిమ్మని వినయంగా అడిగాడు. ఆ వేషానికి ఒక్క మాటైనా లేదు. దాన్ని కోరి అడిగినవాణ్ణి అయ్యవారు ముందెన్నడూ చూడలేదు. ఆయన కళ్ళు చెమర్చాయి. రాజుగారి పంచె కూడా తానే తెస్తానని జయరాములు అనేసరికి, నేతవాళ్ళ బిడ్డ అనిపించుకున్నావని భుజం తట్టారు.

నేతలో ఒక రహస్యం ఉంది. నిలువుదారాల పడుగు పలుచగా వేసి, అడ్డదారాల పేకను దూరం దూరంగా కొట్టి, పైన అన్నం గంజి దట్టంగా పట్టించి ఎండబెడితే, ఆ పంచె కొత్తలో జమీందారులా బిర్రుగా నిలబడుతుంది. నీళ్ళు తగిలిందా, గంజి కరిగిపోయి చేపల వల మిగులుతుంది. వరదప్ప ఇంట్లో అటువంటి గుడ్డ పేరెత్తడమే అప్రతిష్ఠ. ఆయన ప్రతి పంచె మూలనా, అంచు పక్కన, చిటికెన వేలంత పొడవున ఒక నీలిదారం వేస్తాడు. అది ఆ ఇంటి గురుతు. ఆ దారం చూసి కళ్ళు మూసుకుని కొనేవాళ్ళు తిరుపత్తూరు దాకా ఉన్నారు.

ఆ వరదప్ప చుట్టాల పెళ్ళికని తిరుపత్తూరుకే వెళ్ళిన వారం, జయరాములు ఇంటికొచ్చి మగ్గం గుంటలో దిగాడు. తంగమ్మ పక్కన కూర్చుని దారం కండెలు చుడుతూ, కాసేపు కొడుకు చేతుల వైపు, కాసేపు గుడ్డ వైపు చూసింది.

"దోమతెరా నాయనా?"

"నాటకానికి మా. రాజుకు."

"రాజుకు అంత గాలి తగలాల్నా?"

జయరాములు పేకను ఇంకాస్త ఎడంగా కొట్టాడు. ఆమె ఇంకొక కండె చుట్టింది.

"మీ నాయన చూసినాడంటే నిన్ను ఆ గుంటలోనే పూడ్సిపెడతాడు."

"నీలిదారం వెయ్యనులే మా. మన ఇంటిదని ఎవురికి తెలుస్తాది?"

"అమ్మవారికి తెలీదా? చౌడేశ్వరి కండ్లకు గూడా గంజి పూసినావా?"

కులదేవత పేరు వినగానే జయరాములు చెయ్యి ఒక్క క్షణం ఆగింది. అంతలో 'సంత' అన్న పిలుపు చెవిలో మోగింది. చెయ్యి మళ్ళీ ఆడింది.

పంచె చేతికిచ్చినప్పుడు బాలచంద్రన్ దాన్ని వేలితో కొట్టి చూశాడు. తప్పెటలా మోగింది. ఇంత మంచి గుడ్డ తన జన్మలో కట్టలేదని మనస్ఫూర్తిగా అన్నాడు. ఆ మాటకు జయరాములుకు గర్వం లాంటిదొకటి కలిగింది. వెంటనే తన్ను తానే తిట్టుకున్నాడు.

ఆ తరవాతి రోజులంత సుఖమైన రోజులు అతని చదువులో మళ్ళీ రాలేదు. అన్నం రుచిగా ఉండేది. తర్కం ఒంటబట్టింది. నీళ్ళు పోస్తే మనుషులందరూ తడుస్తారు, బాలచంద్రన్ మనిషి, కాబట్టి బాలచంద్రన్ తడుస్తాడు. దీంట్లో తప్పు పట్టగలిగిన తార్కికుడు పుట్టలేదు. ముందు వరసలో దొరలు, పక్కన వకీలుగారు, తెర వెనక ఆడవాళ్ళు. నడుమ నిలువునా వల చుట్టుకుని మహారాజు. మొదట నిశ్శబ్దం, తరవాత వెనక బెంచీ నుంచి ఒక నవ్వు. లోపల గోచి ఎలాగూ ఉంటుంది గనుక పాపం మరీ పెద్దది కాదని లెక్క కూడా వేసుకున్నాడు. నాటకానికి చెంబు చాలని అయ్యవారన్నా, అత్తను బతిమాలి ఇంట్లోకెల్లా పెద్ద ఇత్తడి బిందె తెచ్చుకున్నాడు. దైవకార్యానికేమో అనుకుని ఆమె దాన్ని చింతపండుతో తోమి మరీ ఇచ్చింది.

ఆ రోజు రానే వచ్చింది. రాజు అడవుల్లో తిరిగాడు, మాటలు పడ్డాడు, తిరిగొచ్చి పీట మీద కూర్చున్నాడు. నాగస్వరం లేచింది. శిష్యుడు బిందె ఎత్తాడు. ఇన్నాళ్ళ అవమానమంతా భుజాల్లోకి వచ్చింది. నెత్తిన మొదలుపెట్టి, ఒళ్ళంతా తడిసేట్టు, ఆఖరి చుక్క దాకా పోశాడు. సుందరం అయ్యవారు పక్కనుంచి చాలు చాలని సైగ చేస్తూనే ఉన్నారు. రాజు ఉక్కిరిబిక్కిరై, నీళ్ళు మింగి, నిబ్బరంగా లేచి నిలబడ్డాడు.

ఏమీ కాలేదు.

పంచె తడిసింది, బరువుగా వేలాడింది. వేలాడుతూ మహారాజు మర్యాదను కోటగోడలా కాపాడింది. సభ చప్పట్లు కొట్టింది. బిందె కింద పెట్టిన జయరాములు, అంతమంది ఎదుట, అలవాటు చొప్పున మోకాళ్ళ మీద కూర్చుని, ఆ కొసను రెండు వేళ్ళ మధ్య పెట్టి నలిపాడు. ఒత్తైన నేత. ఎన్నో ఉతుకులు తిని మెత్తబడినా దారం కదలలేదు. మూలన, అంచు పక్కన, చిటికెన వేలంత పొడవున, వెలిసిపోయిన నీలిదారం. అది శిష్యుడి రాజభక్తి అనుకుని సభ ఇంకొకసారి చప్పట్లు కొట్టింది.

నాగస్వరం చాటున జయరాములు గొంతు తగ్గించి అడిగాడు.

"ఈ పంచె యాడిది?"

"మా తాతది," అన్నాడు రాజు, పెదవులు కదపకుండా. "నువ్వు ఇచ్చింది అవ్వ తడిపేసినాది."

తప్పెక్కడ జరిగిందో అప్పుడు తెలిసింది. నేతవీధిలో కొత్తగుడ్డకు మూలన పసుపు పెట్టి, పెళపెళలాడుతుండగానే కట్టుకుంటారు. ఆ చప్పుడు లేకపోతే పండగే కాదు. వకీలుగారి ఇల్లు మడి ఇల్లు. అన్నం గంజి తగిలిన గుడ్డ అంటే అంటు. బావి దగ్గర ముంచి తీసిన తరవాతే దానికి ఇంట్లో చోటు. కొన్న గుడ్డను కొన్నవాళ్ళు ఇంటికి తీసుకుపోయి మొట్టమొదట ఏం చేస్తారో జయరాములుకే కాదు, ఆ వీధిలో ఎవరికీ తెలియదు. అమ్ముడైన రోజుతో వాళ్ళకు దానితో చుట్టరికం తీరిపోతుంది. తర్కంలో తప్పు లేదు. తడవడం రెండు రోజులు ముందుగా జరిగింది, అంతే.

"దండెం మీద ఆరేస్తే అవతల కొబ్బరిచెట్టు కనపడింది సామీ," అన్నాడు బాలచంద్రన్, తెర వెనక తల తుడుచుకుంటూ. "అవ్వ నిన్ను ఆదివారం పిలుచుకు రమ్మనింది."

ఆదివారం దాకా జయరాములుకు ముద్ద దిగలేదు. పగ సంగతి అటుంచి, ఇప్పుడు పోయేది నాయన పేరు. ఆ ఇంటికి నీలిదారం తెలుసు. నేసినవాడు ఎవరి కొడుకో కూడా తెలుసు. ఒక్క మాట తిరుపత్తూరు దాకా నడిస్తే చాలు.

బాలచంద్రన్ అవ్వ రాజాంబాళ్ పెరటి గుమ్మంలో కూర్చుని ఉంది. అతణ్ణి కిందనుంచి పైదాకా చూసింది.

"వరదప్ప కొడుకువా?"

"అవునమ్మా."

"మీ నాయన నేత నాకు తెలుసు. నీ నేత గూడా తెలిసింది."

జయరాములు తల వంచుకున్నాడు. ఆమె చేత్తో పెరటి వైపు చూపించింది. అక్కడ చాప మీద వరసగా వడియాలు ఎండుతున్నాయి. వాటి మీద, నాలుగు మూలలా రాళ్ళు పెట్టి పరచి ఉంది పట్టాభిషేకపు పంచె. గోడ మీద కాకులు బారుగా కూర్చుని, దాని వైపు నిరాశగా చూస్తున్నాయి.

"ఎండ లోపలికి పోతాది, కాకి ముక్కు పోదు. ఇట్లాంటిది ఎన్నాళ్ళుగా వెతుకుతుండా, దొరకలా. ఇంకొకటి నేసియ్యి నాయనా. గంజి మాత్రం పెట్టబాక."

లోపలినుంచి బాలచంద్రన్ గొంతు వినిపించింది, ఏం సంతా బేరం కుదిరిందా అని.

ఎర్రటి ఎండలో తొరపాడి దాకా నడుస్తూ జయరాములు కొత్త ప్రతిజ్ఞ చేశాడు. పగ తీరలేదు, వాయిదా పడింది, అంతే. నీళ్ళ మీద ఆధారపడటం పొరపాటు. ఈసారి నిప్పు గురించి ఆలోచించాలి. పదేళ్ళు పట్టనీ, ఇరవై ఏళ్ళు పట్టనీ, బాలచంద్రన్ వకీలై కోర్టులో నిలబడిన రోజున, నిండు సభలో, ఆ పేరుకు బదులు తీర్చుకుని తీరాలి. అంతవరకు ఆ ఇంటి గడప తొక్కితే తాను వరదప్ప కొడుకే కాదు.

పై వారం అతడు ఇంకొకటి నేసి తీసుకుపోయి ఇచ్చాడు. గంజి పెట్టలేదు.