చిక్కటి అంబలి

తొంభైల చివర్లో, టీచరుగా చేరిన కొత్తలో, పద్మనాభం ఊరికి వెళ్ళే బస్సులో అగ్నిపర్వతాల పాఠం బట్టీ పడుతున్నాను. భూమి లోపల కరిగిన రాయి కొన్ని కొండల్లోంచి మెల్లగా పారుతుందనీ, కొన్నింటిని బద్దలు కొట్టుకుని వస్తుందనీ పుస్తకంలో ఉంది. ఈ తేడా ఎందుకో నాకే అంతుపట్టలేదు. కాళ్ళ దగ్గర చేపల తట్ట పెట్టుకున్న పక్కసీటు పెద్దావిడ, "ఏటమ్మా, అలా గొణుగుతన్నావ్?" అంది. చెప్పాను.

ఆవిడ ముంజెయ్యి చాపింది. నిండా కాలిన చుక్కలు.

"అంబలి కాసినప్పుడు పడ్డాయి. పల్సగుంటే ఆవిరి ఇట్టే పోద్ది, అంబలి పొంగి కారిపోద్ది. సిక్కబడితే ఆవిరి లోనే ఉండిపోయి, తుపుక్కుమని మీదకి ఎగురుతాది. మీ కొండలూ అంతేనేటో."

పుస్తకం పేజీన్నరలో చెప్పింది అదే. ఆ రోజు పుస్తకం తెరవకుండా, అంబలితోనే పాఠం చెప్పాను; ఆ తర్వాత ఏటా అలాగే చెప్పాను. ఆవిడ పేరు మాత్రం అడగలేదు.

చాలా ఏళ్ళకి ఒక పరీక్ష పేపర్లో, కొన్ని అగ్నిపర్వతాలు ఎందుకు పేలతాయన్న ప్రశ్నకి ఒక పిల్ల, "వాటిలో కరిగిన రాయి చిక్కటి అంబలిలా ఉంటుంది కాబట్టి" అని రాసింది. పూర్తి మార్కులు వేశాను. నిజానికవి ఆవిడ మార్కులు.