పిట్ట ముట్టిన రోజు

బొగ్గుబాయిలో పైకప్పు కూలి ముగ్గురు చనిపోయారు. ఒకరిది ధర్మపురి దగ్గరి ఊరు. ఒకరికి అప్పుడే పెళ్లి కుదిరింది. మూడో మనిషి మా చెల్లె భర్త. ఆయనను వాళ్ల ఊరు సారంగాపూర్‌కు తెచ్చి దహనం చేశాం. మూడో నాడు పిట్టకు పెట్టడానికి వాళ్ల మెట్టపొలం చెలకకు పోయాం.

పోయినవాళ్లకు ఇష్టమైనవి విస్తరిలో పెడితే కాకి వచ్చి ముట్టాలి. ముట్టలేదంటే ఏదో కోరిక మిగిలిందన్నమాట. దాన్ని తీరుస్తామని అయినవాళ్లు పైకి మాటివ్వాలి. అక్కడ ఇచ్చిన మాటను మా దిక్కు ఎవరూ తప్పరు.

మటన్, గారెలు, కల్లు పెట్టారు. కాకులు వేపచెట్టు మీదే అరుస్తున్నాయి.

"కొడుకా, నీ నౌకరి నీ తమ్మునికి పెట్టిస్తం. నీ పెండ్లాంను, బిడ్డను వాడే సాకుతడు. ముట్టు కొడుకా!" అంది చెల్లె అత్త.

ఒక్క కాకీ దిగలేదు.

"కల్లు తక్కువైందని అలిగిండేమో, ఇంకింత పొయ్యి" అన్నాడొక ముసలాయన.

పదిలోనే బడి మానేసినా, కోరుట్లలో బట్టలు కుడుతూ అక్కడి లైబ్రరీలో నేను చదవని బీరువా లేదు. బాయిలో పోయినవాళ్ల ఇంటికి కంపెనీ ఇచ్చే ఆ నౌకరి మీద మొదటి హక్కు భార్యదని తెలుసు. మనుషులు మీదమీద నిలబడితే కాకి దిగదనీ తెలుసు. చెల్లె పక్కకు పోయి, "నీ మనసుల ఉన్నది నువ్వే చెప్పు" అన్నాను.

ఆమె విస్తరి ముందుకు వచ్చింది. "నౌకరి నేనే జేస్త. బిడ్డను నేనే సదివిస్త. ఎవ్వల చేతి కింద ఉండ."

"ఆడిదానివి, బాయిల దిగుతవా?" అంది అత్త.

"పైన గూడ పనులుంటయి అత్తా."

"గీ ముచ్చట మీ అన్న పుస్తకాలల్లదేనా వదినా?" అన్నాడు మరిది.

"పుస్తకాలల్లదే, బావా!" అన్నాను. "ఇగ అందరు జర గా చెలక ఒడ్డు అవుతలికి జరుగుండ్రి."

జరిగారు. కాసేపటికి ఒక కాకి దిగి గారె ముక్క ఎత్తుకుపోయింది.

అత్త రెండు చేతులూ జోడించి ఏడ్చింది. "నా కొడుకు ఒప్పుకున్నడు. ఇగ ఎవ్వలు అడ్డం మాట్లాడొద్దు."

కాకుల సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. నౌకరి కాగితాల కోసం చెల్లెను ఆఫీసుల చుట్టూ బండి మీద తిప్పింది ఆ మరిదే.

ఇప్పుడామె బాయి పైన లాంప్ రూంలో పనిచేస్తుంది. లోపలికి దిగేవాళ్లకు దీపాలిచ్చి, పైకి వచ్చాక తీసుకుంటుంది. ఒక్క దీపం రావడం ఆలస్యమైనా, డ్యూటీ అయిపోయినా సరే, ఇంటికి కదలదు.