సగం దారిలో ఉన్న జీవి

1974 జూలై 9, మంగళవారం. పొద్దుటినుంచి ముసురు. ల్యాబు బల్లలు తుడిచాను. తొట్టిలో ఉప్పునీళ్ళు మార్చాను. మా జువాలజీ మాస్టారు పోయి ఇవాళ్టికి నాలుగో రోజు.

ఆయన గురించి నాలుగు ముక్కలు రాయమని పాత విద్యార్థులు అడిగారు. నేను కాలేజీ ల్యాబులో అటెండర్ని. ఎనిమిదో తరగతితో చదువు ఆగింది. రోజూ పనిపుస్తకం రాయడం తప్ప మరో రాత రాదు. ఇదీ అలాగే రాస్తున్నాను. కోపం కనిపిస్తే, అది ఉన్నదే.

నిన్న సంతాప సభలో ఇప్పటి హెడ్డుగారు, "పాపం అమాయకులు, కంటికి కనబడని పురుగుల వెంట జీవితం పారేసుకున్నారు" అన్నారు. ముందు వరసలో నవ్వారు. నేను కుర్చీలు సర్దాను.

ఆ పురుగులేమిటో నాకు తెలుసు. మాస్టారు నెలకోసారి బందరు వెళ్ళి, సన్నటి పట్టుబట్ట వలతో సముద్రపు నీళ్ళు వడగట్టి, డబ్బాల్లో పోసి బస్సు టాపు మీద తెచ్చేవారు. ఆ నీళ్ళలో నూకగింజంత రొయ్యలాంటి జీవులు. వాటి పేగుల్లో అంతకన్నా చిన్న జీవులు. ఓరోజు మైక్రోస్కోపు నావైపు తిప్పి, "ఏం కనిపిస్తోందోయ్?" అన్నారు.

"ఊరికే కూర్చుని తినేదండీ."

"తిట్టకు. దీని పిల్లల్ని చూడు. రెండు తోకలతో ఈదుతున్నాయి, బయట సొంతంగా బతికే వాటిలాగే. అంటే దీని తాతముత్తాతలూ అలా బతికినవే. ముందు ఎవరినో అంటుకున్నాయి, తర్వాత లోపలికెళ్ళాయి. లోపల తోకతో పనేముంది? పెద్దయ్యాక వదిలేస్తోంది. పెళ్ళికి ముందు నీ వంట నువ్వే వండుకునేవాడివిగా? ఇప్పుడు మీ ఇంట్లో ఉప్పుడబ్బా ఎక్కడుందో చెప్పు."

ఆయన బల్ల చరిచి నవ్వారు.

ఒక్క స్లైడంటే ఆయనకు ప్రాణం. అందులోని జీవి పేగులోకి చేరింది గానీ, ఎండతో తిండి చేసుకునే పసుపుపచ్చ రంగు ఇంకా పోలేదు. "ఇది సగం దారిలో ఉందోయ్. ఎవ్వరూ ఒక్కరోజులో ఇంకొకరి మీద పడి బతకడం మొదలెట్టరు" అనేవారు. ఈదేది, అంటుకున్నది, సగం దారిది, పూర్తిగా లోపలిదైపోయింది, అన్నీ వరసగా ఒకే పెట్టెలో పెట్టారు. స్లైడ్ల మీద అంకెలే. ఏ అంకె ఏమిటో నా పనిపుస్తకంలో ఉంది.

"రాసి పత్రికకి పంపండి మాస్టారూ" అని ఎన్నిసార్లన్నానో. "ఇంకో చలికాలం చూడనీ" అనేవారు. ఆయన మీదా కోపమే నాకు.

ఈ మధ్యాహ్నం హెడ్డుగారు వచ్చి పెట్టె చూపించారు. "వీటిని చాకలిసోడాలో ఉడకబెట్టి కడిగెయ్. ఫస్టియరు పిల్లలకి గాజుపలకలు చాలడం లేదు."

"అవి మాస్టారివండీ."

"మాస్టారు లేరుగా. అయినా అందులో ఏముందో నీకేం తెలుసు?"

తెలుసండీ అనాలి. ఇరవై ఏళ్ళుగా సరేననడమే అలవాటు. "సరేనండీ" అన్నాను. దానికి నా మీద నాకే అసహ్యం.

ఆయన వెళ్ళాక సగం దారి స్లైడు మైక్రోస్కోపు కింద పెట్టాను. ఆ పసుపుపచ్చ అలాగే ఉంది.

సాయంత్రం అయిదు. వాన పెరిగింది. తొట్టికి మూత వేశాను. సోడానీళ్ళు మరిగి సగమయ్యాయి, స్టవ్ ఆర్పాను. టిఫిను క్యారేజీ ఇవాళ చేత్తో పట్టుకెళ్ళాలి, సంచిలో చోటు లేదు. గాజుపలకలు ఒక్కటీ కడగలేదు.